పెనకచెర్ల డ్యాం వద్ద కావలసింది రిసార్టు కాదు, సత్రం

గార్లదిన్నె: కరవుకు మారుపేరుగా చెప్పుకునే అనంతపురం జిల్లాలో నిండుగా నీళ్లు కనిపించే తావులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. గార్లదిన్నె మండలం పెనకచెర్ల వద్ద పెన్నా నదిపై కట్టిన మిడ్ పెన్నార్ జలాశయం అటువంటి వాటిలో ఒకటి. జనం వాడుకలో అది ఎంపీఆర్ డ్యాం. డ్యాంకు నీళ్లు వచ్చాయన్న కబురు తెలిస్తే చాలు, ఆదివారాలలో, పండగ సెలవుల్లో అనంతపురం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లాజెల్లాతో జనం బయలుదేరుతారు. వానకు మొగం వాచిన సీమలో నీళ్లను చూడటమే ఒక తిరునాళ్ల.

అయితే పొద్దు గూకేసరికి ఈ తిరునాళ్ల ముగుస్తున్నది. చీకటి పడకముందే ఆటోలు, మోటారు సైకిళ్లు తిరుగుముఖం పడుతున్నాయి. దూరం నుంచి వచ్చిన బీద, మధ్యతరగతి కుటుంబం ఒక రాత్రి ఉండి, తెల్లవారి డ్యాం మీద సూర్యోదయం చూసి పోదామనుకుంటే, వారికి దిక్కు అనంతపురం లాడ్జీలే. ఉదయం నుంచి సాయంత్రం వరకు తిరిగిన జనం ఊరికి వదలిపోయేది ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, విస్తరాకులు. వారు ఖర్చు పెట్టే నాలుగు రూపాయలలో గ్రామస్థుల చేతికి వచ్చేది సోడా, మరమరాల బేరం వరకే.

కనుక డ్యాం వద్ద బస ఏర్పాటు అవసరమన్న మాటలో రెండో అభిప్రాయం ఉండనక్కరలేదు. అసలు ప్రశ్న ఆ బస ఎవరి కోసం, ఎవరి చేతిలో, ఎక్కడ అన్నది. ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పుకోకుండా మొదలుపెడితే, కట్టడం లేస్తుంది గాని ఊరికి ఒరిగేది ఉండదు.

నీళ్లు పరాయివి, కాలం కొద్దిది

ముందుగా ఒక వాస్తవం గుర్తుంచుకోవాలి. ఈ జలాశయం కర్ణాటకలోని నందికొండల నుంచి వచ్చే పెన్నమ్మ ఒక్కదాని మీద ఆధారపడినది కాదు. పెన్నలో వరద వచ్చే ఏళ్లు తక్కువ. హోస్పేట వద్ద తుంగభద్ర డ్యాం నుంచి బళ్లారి సీమ గుండా వచ్చే హైలెవల్ కాలువే దీనికి ప్రాణం. ఆంధ్రప్రదేశ్‌కు ఈ కాలువ కింద కేటాయించిన 32.5 టీఎంసీలలో ఏటా వచ్చేది ఎంతన్నది అక్కడి నిల్వను బట్టి ఉంటుంది. పెనకచెర్ల జలాశయం నిల్వ సామర్థ్యం కట్టినప్పటి లెక్క ప్రకారం 5 టీఎంసీలకు కాస్త పైన. ఇక్కడి నుంచి ఉత్తర కాలువ, దక్షిణ కాలువ బయలుదేరి పొలాలకు పోతాయి. తాగడానికి కూడా జిల్లా ప్రజలు హైలెవల్ కాలువ నీళ్ల మీద ఆధారపడి ఉన్నారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు జిల్లా రైతాంగానికి కంటి మీద కునుకు లేకపోయింది. వారం రోజుల్లో తాత్కాలికంగా గేటు బిగించేదాకా నీళ్లు నదిపాలవుతూనే ఉన్నాయి. ఎక్కడో హోస్పేటలో గొలుసు తెగితే పెనకచెర్లలో గుండె ఆగుతుందని అప్పుడు అందరికీ తెలిసి వచ్చింది.

బస కట్టేవారికి ఇందులో ఒక పాఠం ఉన్నది. డ్యాం నిండుగా కనిపించేది సాధారణంగా ఆగస్టు నుంచి సంక్రాంతి దాటేవరకు. ఎండాకాలం వస్తే నీళ్లు అడుగంటి రాళ్లు, బురద తేలుతాయి. అద్దాల కిటికీలోంచి సరస్సు చూపిస్తామని కోట్లు పెట్టి కట్టిన హోటలు ఏప్రిల్, మే నెలల్లో ఏమి చూపిస్తుంది? పన్నెండు నెలలూ గదులు నిండితే గాని వడ్డీ తీరని కట్టడం ఆరు నెలల నీళ్ల పక్కన నిలబడదు.

సత్రాలు సీమకు కొత్తవి కావు

తక్కువ ఖర్చుతో బాటసారికి నీడ ఇవ్వడం మనకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. రాయలసీమ దారుల పొడవునా ఒకప్పుడు సత్రాలు, మంటపాలు, చలివేంద్రాలు, దిగుడుబావులు ఉండేవి. దత్త మండలాలకు 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరయిన సర్ థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండ వద్ద కలరా సోకి చనిపోయాడు. గుత్తిలో ఖననం చేశారు. ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో ఒక సత్రం కట్టించారు. పాలకుని పేరు నిలపడానికి విగ్రహం ఒక్కటే చాలదని, బాటసారి తలదాచుకునే నీడ కూడా ఉండాలని ఆనాటివారు తలచారు.

నేడు ఆ భావన వెనక్కు పోయింది. ప్రాజెక్టు ఉన్న చోటల్లా ఇరిగేషన్ శాఖ వారి ఇన్‌స్పెక్షన్ బంగళా ఉండటం రివాజు. అది తనిఖీకి వచ్చే అధికారుల కోసం. అందులో తప్పు లేదు. కాని డ్యాం కట్టడానికి పొలాలు ఇచ్చినవాడు, మట్టి మోసినవాడు, ఆ డ్యాం చూడడానికి భార్యాబిడ్డలతో వచ్చినప్పుడు “ఈ రాత్రికి యాడుండాల సామీ?” అని అడిగితే వాచ్‌మన్ వద్ద జవాబు ఉండదు.

పర్యాటక అభివృద్ధి సంస్థ వారి హరిత హోటళ్లు లేపాక్షిలో, గండికోటలో, హార్స్‌లీ హిల్స్‌లో ఉన్నాయి. అవి కారు ఉన్న కుటుంబానికి సౌకర్యమే. కూలి పనులు చేసుకునేవారికి, చిన్న రైతుకు, బడి పంతులు వెంట వచ్చే నలభై మంది పిల్లలకు ఒక రాత్రి గది అద్దె మోయరాని బరువు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చారు. ఆ సౌకర్యంతో ఇంతకాలం ఊరు దాటని ఇల్లాలు కూడా నలుగురితో కలిసి బయటికి రాగలుగుతున్నది. బస్సు ఖర్చు తప్పింది. రాత్రి బస మాత్రం తప్పలేదు.

దారి మధ్యలో ఉండటమే పెట్టుబడి

గార్లదిన్నెకు డ్యాం ఒక్కటే ఆకర్షణ కాదు. బెంగుళూరు, హైదరాబాదు నగరాలను కలిపే 44వ నెంబరు జాతీయ రహదారి మీద, ఆ దారి మధ్యలో ఈ ఊరు ఉన్నది. వెనుక దీనినే ఏడో నెంబరు రోడ్డు అనేవారు. రాత్రింబవళ్లు లారీలు, కార్లు, బస్సులు పోతూనే ఉంటాయి. ఉత్తరాన గుత్తి కోట, తూర్పున తాడిపత్రిలో విజయనగర కాలపు బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాలు, పడమట ఉరవకొండ దిక్కున పెన్న అహోబిలం, గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామి. ఇవన్నీ అనంతపురం జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసినప్పుడు పుట్టపర్తి, లేపాక్షి, పెనుకొండ, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. పేరుపడిన చూడదగిన స్థలాలు చాలావరకు అటే చేరాయి. మిగిలిన జిల్లా తనకున్న వాటిని ఒక దారంతో గుచ్చుకోవలసి ఉన్నది. ఆ దారంలో పెనకచెర్ల ఒక పూస కాగలదు.

మోటెల్ అనే మాట పుట్టుకే ఇటువంటి దారి మధ్య ఊరి నుంచి జరిగింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజిలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఆ రోజుల్లో మోటారులో ఒక్క పగలులో చేరడం కష్టం. ఆ రెంటికీ నడుమ ఉన్న శాన్ లూయీ ఒబిస్పో అనే ఊరిలో 1925 డిసెంబరులో ఒకరు రోడ్డు పక్క వరుసగా గదులు కట్టి, గది ముందే కారు నిలుపుకునే వీలు కల్పించారు. మోటారు, హోటలు అనే రెండు మాటలు కలిపి ‘మోటెల్’ అన్నారు. రాత్రికి అద్దె డాలరుంపావు. అది గొప్పవారి కోసం కట్టినది కాదు. అలసిపోయి దిగిన ప్రయాణికుడికి శుభ్రమైన మంచం, వేడినీళ్లు, ఉదయం లేచి పోవడం. అంతే.

కరవు పనులతో కట్టిన గదులు

ఆ దేశపు చరిత్రలో మన జిల్లా తెలుసుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. 1930లలో అక్కడ ఆర్థిక మాంద్యం, దానిపైన కరవు వచ్చి లక్షల మంది యువకులు పనిలేక తిరిగారు. 1933లో అక్కడి ప్రభుత్వం ఒక పథకం పెట్టి వారిని అడవుల్లో, పార్కుల్లో పనికి పెట్టింది. చెట్లు నాటడం, కట్టలు వేయడం, బాటలు తీయడంతో పాటు, సరస్సుల పక్కన ఉన్న రాష్ట్ర పార్కులలో సామాన్యులు చౌకగా అద్దెకు తీసుకునే చిన్న చిన్న రాతి గదులు, చెక్క గదులు కూడా వారిచేత కట్టించింది. నెలకు ముప్పై డాలర్ల కూలిలో ఇరవై అయిదు సాధారణంగా ఇంటికి పంపేవారు. 1942 వరకు పథకం సాగింది. పథకం పోయినా, ఆనాటి గదులు అనేకం నేటికీ వాడుకలో ఉన్నాయి.

కరవు పనులు అనంతపురం వాళ్లకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినది నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టారు. ఈ సీమలో దశాబ్దాలుగా కరవు పనుల కింద గుంతలు తవ్వి పూడ్చినవి, వేసి చెరిగినవి ఎన్నో ఉన్నాయి. నిలిచి ఉండే నాలుగు గదులు, నాలుగు చెట్లు, ఒక కాలిబాట కూడా కరవు పని అయినప్పుడే ఆ కూలికి రెండు ఫలితాలు వస్తాయి.

లెక్క వేసి చూస్తే

మంచి మాటలు చెప్పడం సులువు. లెక్క ఏమి చెబుతుందో చూడాలి. ఉదాహరణకు ఊరిలో పన్నెండు మంచాల సత్రం ఒకటి పెట్టారనుకుందాం. మగవారికి ఒక హాలు, ఆడవారికి ఒక హాలు, కుటుంబాలకు రెండు చిన్న గదులు. మంచానికి రాత్రికి 150 రూపాయలు. నీళ్లుండే ఆరు నెలల్లో శని, ఆదివారాలు కలిపి 52 రాత్రులు. అన్ని మంచాలూ నిండవు గనుక సగమే లెక్కించాలి. ఆరు మంచాల మీద 52 రాత్రులకు 46,800 రూపాయలు. రాత్రి జొన్నరొట్టె లేదా సంగటి, శెనక్కాయల చట్నీ, పొద్దున ఉగ్గాని, బజ్జీ కలిపి మనిషికి 120 రూపాయలనుకుంటే మరో 37,440. మొత్తం 84 వేల చిల్లర. అందులో సరుకులకు, కరెంటుకు, సబ్బుకు, దుప్పట్ల ఉతుకుకు సగం పోతే మిగిలేది 42 వేలు. పొదుపు సంఘంలోని నలుగురు మహిళలు నడిపితే తలా పదివేల పైచిలుకు.

ఇది కోటలు కట్టే ఆదాయం కాదు. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు పిల్లవాడి కాలేజీ ఫీజుకు, బెంగుళూరు వలస పోకుండా ఇంట్లో ఒకరు నిలవడానికి అక్కరకు వచ్చే ఆదాయం. అదే బసకు అర కోటి అప్పు తెచ్చి భవనం లేపితే, నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ అనుకున్నా సంవత్సరానికి ఆరు లక్షలు వడ్డీకే కావాలి. ఆ వడ్డీ తీరాలంటే గది అద్దె వేలల్లో ఉండాలి. అద్దె వేలల్లో ఉంటే సామాన్యుడు రాడు. కాబట్టి చౌక బస చౌకగా ఉండాలంటే కట్టడం కూడా చౌకగా ఉండాలి. వాడకం లేక పడివున్న ప్రభుత్వ భవనాలు దొరికితే సున్నం కొట్టించి, కప్పు బాగుచేయించి వాడుకోవడం మేలు. ఇంట్లో అదనపు గది ఉన్నవారు అతిథికి ఇచ్చే పద్ధతినీ ప్రోత్సహించవచ్చు.

పన్ను సంగతి కూడా గ్రామస్థులు తెలుసుకోవాలి. 2022 జూలై వరకు రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ నెల 18 నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు గదులకు దానిని 5 శాతానికి తగ్గించారు. ఏడాదికి ఇరవై లక్షల లోపు రాబడి ఉన్న చిన్న బసకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అంటే పొదుపు సంఘం సత్రానికి ఈ బెడద ఉండదు. ఈ మాట చెప్పేవారు లేకనే చాలామంది భయపడి వెనుకాడుతుంటారు.

గ్రామస్థుల భయం కొట్టిపారేయరానిది

“లాడ్జి వస్తే ఊరు చెడిపోతుంది, తాగుబోతులు చేరుతారు, ఆడపిల్లలు బయట తిరగలేరు” అని పెద్దలు అనడం సహజం. ఈ భయానికి కారణం లేకపోలేదు. యజమాని ఎక్కడో ఉండి, గుమాస్తా డబ్బు చూసుకునే చోట అటువంటివి జరుగుతాయి. ఊరి నడుమ, ఊరివాళ్ల కళ్లముందు, పొదుపు సంఘం మహిళలు తాళాలు పట్టుకుని నడిపే సత్రంలో జరగడం కష్టం. వచ్చినవారి పేరు, చిరునామా, ఆధారం రిజిస్టరులో రాయాలి. మద్యానికి చోటు లేదని బోర్డు మీద స్పష్టంగా ఉండాలి. రాత్రి పదికి గేటు మూయాలి. పాత సత్రాలకూ కట్టుబాట్లు ఉండేవి. ఆ కట్టుబాట్ల వల్లనే కుటుంబాలు నమ్మి దిగేవి.

రెండో భయం నీటి ప్రమాదం. జలాశయాలు, కాలువల వద్ద ఈత సరదాతో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు ఏటా చదువుతున్నాము. జనాన్ని పిలిచేవారు ముందుగా హెచ్చరిక బోర్డులు, కంచె, తాళ్లు, టైర్లు, ఈత వచ్చిన కాపలా మనిషిని ఏర్పాటు చేయాలి. ఈ పని బస వచ్చేదాకా ఆగకూడదు. ఇప్పుడే కావాలి.

గట్టు మీద మాత్రం వద్దు

బస ఎక్కడ కట్టాలన్నది అన్నిటికంటె ముఖ్యం. నీళ్లు కనబడాలని జలాశయం గట్టు మీద, ముంపు భూమిలో గదులు లేపడం ఒప్పుకోరానిది. ఇదే తుంగభద్ర ఒడ్డున, హంపికి ఎదురుగా ఉన్న విరూపాపుర గడ్డ సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ అనుమతులు లేకుండా చౌక గెస్ట్‌హౌసులు, రిసార్టులు పుట్టగొడుగుల్లా లేచాయి. దేశవిదేశాల నుంచి కుర్రకారు వచ్చి దిగేవారు. రక్షిత ప్రాంతంలో అవి చట్టవిరుద్ధమని న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. చివరకు 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూల్చివేత సబబేనని తీర్పు చెప్పింది. మరుసటి నెలలోనే యంత్రాలు వచ్చి నేలమట్టం చేశాయి. వాటి మీద బతికిన వంటవాళ్లు, పుట్టివాళ్లు, చిల్లర అంగళ్లవాళ్లు ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. పత్రాలు లేని కట్టడం మీద పేదవాడి బతుకు నిలపడం ఎంత ప్రమాదమో అది చెబుతున్నది.

ఇక్కడ అంతకంటె పెద్ద సంగతి ఒకటి ఉన్నది. ఈ నీళ్లు తాగే నీళ్లు. గట్టు మీది మరుగుదొడ్ల మురుగు జలాశయంలో కలిస్తే అది దిగువ ఊళ్ల బిందెల్లోకి చేరుతుంది. కాబట్టి బస ఊరిలో ఉండాలి, నీటికి దూరంగా ఉండాలి. మురుగుకు సెప్టిక్ ట్యాంకు, చెత్తకు పంచాయతీ బండి ఉండాలి. డ్యాం వరకు నడిచిపోవడానికి వేపచెట్ల నీడన బాట ఉంటే చాలు. నడిచే నాలుగు అడుగులు అతిథికి భారం కావు.

ఎవరు ఏమి చేయాలి

రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెద్ద పెట్టుబడులు పెట్టేవారికి రాయితీలు ఉన్నాయి. పదిమంది మహిళలు నడిపే పన్నెండు మంచాల సత్రానికి ఆ విధానంలో పీట ఎక్కడ వేస్తారో జిల్లా యంత్రాంగం చెప్పాలి. ఇరిగేషన్ శాఖ తన స్థలాల్లో ఏవి ఇవ్వవచ్చునో, ఏవి ఇవ్వరాదో పటం గీసి పంచాయతీకి అందజేయాలి. సందర్శకులు వచ్చే రోజుల్లో సాయంత్రం, ఉదయం బస్సులు నడిపే విషయం ఆర్టీసీ పరిశీలించాలి. పంచాయతీ మరుగుదొడ్లు, తాగునీరు, దీపాలు చూడాలి. బ్యాంకులు పొదుపు సంఘాలకు అప్పు ఇచ్చేటప్పుడు గేదెలు, కుట్టుమిషన్లతో పాటు మంచాలు, పరుపులు కూడా ఆదాయం తెచ్చే సాధనాలేనని గుర్తించాలి.

గ్రామస్థులు చేయవలసినదీ ఉన్నది. వచ్చిన జనాన్ని చూసి ధర రెట్టింపు చేయడం, మొదటి సంవత్సరమే లాభం వెతకడం మానాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. శుభ్రమైన దుప్పటి, మంచి నీళ్లు, సరైన ధర, మర్యాద మాట. ఈ నాలుగూ ఉన్న చోటికి జనం దారి అడిగి మరీ వస్తారు.

కాలువ నీళ్లు పెనకచెర్లలో కొన్నాళ్లు ఆగి పొలాలకు పోతున్నాయి. వాటిని చూడవచ్చిన జనం కూడా ఒక రాత్రి ఆగి పోయే ఏర్పాటు జరిగితే ఆయకట్టు లేని ఇంటికి కూడా డ్యాం ఫలం అందుతుంది. వచ్చే ఏడు కాలువకు నీళ్లు వదిలేలోగా కనీసం ఒక సత్రమైనా తలుపు తెరిచేలా జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు పూనుకోవలసి ఉన్నది.